గాలి తీసినవాడు

ఐవో థ్రెల్‌ఫాల్ ఇరవై ఏళ్ళు గాలి తిని బతికాడు. గాలి ఆపేసిన మర్నాడే పోయాడు.

శనివారం సాయంత్రం నాలుగు గంటలకి హాలోబ్రుక్ రేసింగ్ వారి విండ్ టన్నెల్‌లో, అంటే నమూనా కారు మీదికి గాలి వదిలి చూసే గదిలో, వాచ్‌మన్ నార్మన్ బంట్ అతన్ని చూశాడు. రేస్ కారు నమూనా ముక్కు కింద తల. ఎడమ కణత మీద గాయం. పక్కన టార్చిలైటు ఇంకా వెలుగుతోంది. మనిషి ఆరిపోయాడు, బ్యాటరీ ఆరలేదు.

ఆగస్టులో రెండు వారాలు రేసింగ్ కంపెనీలన్నీ తలుపులు మూసుకోవాలి. అది క్రీడాసంఘం పెట్టిన రూలు. ఫ్యాను తిప్పకూడదు. డ్రాయింగు తెరవకూడదు. ఆఫీసు మెయిలుకి జవాబివ్వకూడదు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి సంఘం ఇన్స్పెక్టరు వచ్చి కంప్యూటర్లకీ, టన్నెల్ పై గది లాంటి కీలకమైన గదులకీ సీళ్ళు వేసి వెళ్ళాడు. అంటే చట్టప్రకారం ఐవో ఆ రోజు అక్కడ ఉండకూడదు. పోవడం సంగతి ఏ రూల్లోనూ లేదు.

సోమవారం ఉదయం డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ థెల్మా రడ్కిన్ పళ్ళడాక్టరు కుర్చీలో ఉండగా ఫోను మోగింది. ఎడమ దవడకి అప్పుడే ఇంజెక్షన్ పడింది. సగం మొహం తనది కాదు. మిగతా సగం కూడా కొన్నేళ్ళుగా తనదనిపించడం మానేసింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో చూడాల్సిన శవాలన్నీ చూసింది. ఈమధ్య శవాన్ని చూసినా, శనగపప్పుని చూసినా లోపల ఒకే రకంగా ఉంటోంది. దానికి మందు ఏ డాక్టరు దగ్గరా లేదు. పన్నుకైతే ఉంది.

అవతల సూపరింటెండెంటు. కేసులో ఏమీ లేదనీ, యాక్సిడెంటనీ, బాధ్యుడు దొరికాడనీ, వెళ్ళి ఒకసారి చూసి సాయంత్రానికి సంతకం పెట్టేస్తే చాలనీ చెప్పాడు. నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమయ్యాడని రేపు ఉదయం చార్జి పెడతారు. పేరు విల్ఫ్ గార్‌సైడ్. మోడల్ టెక్నీషియన్. తనే ఒప్పుకున్నాడు.

"ఒప్పుకున్నాక నేనెందుకు సార్?" అంది రడ్కిన్. సగం నోటితో అన్నందువల్ల అది 'ఒప్పుకున్నాక నేనెండుకు షార్' అని వినిపించింది.

"తాగొచ్చావా థెల్మా?"

"పన్ను సార్."

"సరే. పన్నూ కట్టు, కేసూ కట్టెయ్."

*

విల్ఫ్ గార్‌సైడ్ స్టేషన్‌లో ఇంటర్వ్యూ గదిలో కూచున్నాడు. యాభై నాలుగేళ్ళు. వేళ్ళ సందుల్లో జిగురు మరకలు. ముందున్న టీ మీద మీగడ కట్టింది.

శుక్రవారం సాయంత్రం అతను భార్యతో సముద్రం ఒడ్డుకి కారవాన్ తోలుకుపోయాడు. ఆదివారం పొద్దున కంపెనీ సేఫ్టీ ఆఫీసరు ఫోన్ చేశాడు. మోడల్ కిందికి దిగి ఐవో తలకి తగిలిందన్నాడు. లాక్ పిన్ను పెట్టావా, ఒట్టేసి చెప్పగలవా అని అడిగాడు. విల్ఫ్ ఆలోచించాడు. ఒట్టేయలేకపోయాడు. కారవాన్ అక్కడే వదిలేసి తిరిగొచ్చి నేరుగా స్టేషన్‌కి నడిచాడు.

పిన్ను సంగతి అతనే విడమరిచి చెప్పాడు. సాయంత్రం పని ముగియగానే మోడల్‌ని జానెడున్నర ఎత్తుకి లేపుతారు. అలా ఉంటేనే ఎవరైనా కింద దూరి పని చేయగలరు. లేపాక పై గదికి నిచ్చెన ఎక్కి, బొటనవేలంత లావు ఉక్కు పిన్ను దూరుస్తారు. పిన్ను ఉంటే మోడల్ దిగదు. లేకపోతే దిగొచ్చు. బరువు పావు టన్ను.

"మామూలుగా టక్కుమని చప్పుడొస్తుంది మేడం. ఇంటికెళ్ళేప్పుడు చెవిలో ఉంటుంది. శుక్రవారం ఆ చప్పుడు గుర్తులేదు."

"ఆ రోజేమైంది?"

"సెలవులు కదా. రెండున్నరకే అందరూ బయట బీర్లు పట్టుకున్నారు. నన్ను పిలుస్తున్నారు. సీళ్ళ ఇన్స్పెక్టరు వెనకాల తరుముతున్నాడు. మోడల్ లేపడం గుర్తుంది. నిచ్చెన గుర్తుంది. అంతే."

ఐవోతో పంతొమ్మిదేళ్ళ స్నేహం. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిండి. ఐవో సగం శాండ్‌విచ్ తినేవాడు, మిగతా సగం విల్ఫ్‌ది. ఆ మాట చెప్పేటప్పుడు విల్ఫ్ మొహంలో ఏమీ కదల్లేదు. రడ్కిన్‌కి అది తెలిసిన మొహమే. రోజూ అద్దంలో కనిపిస్తుంది.

"జైలుకెళ్తే ఎన్నేళ్ళు?" అన్నాడు.

"జడ్జిని బట్టి."

"ఎక్కువే వెయ్యమనండి." టీ కప్పు పక్కకి జరిపాడు. "తక్కువ వేస్తే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో ఏం చెయ్యను?"

*

పదకొండింటికి ఆమె హాలోబ్రుక్ చేరింది. వాన పడాలా వద్దా అని ఆలోచిస్తున్న ఆకాశం. వాచ్‌మన్ బంట్ గేటు తీసి, పేరు రాయించుకుని, శవం చూసిన సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. చెప్పీ చెప్పీ అరిగిపోయి కథ నున్నగా తయారైంది. తనూ, అంబులెన్సు వాళ్ళూ భుజాలు పట్టుకుని లాగారనీ, ఆ కంగారులో ఏ కొలతా ఎవరూ తీయలేదనీ తేలింది.

శనివారం లోపలికి వచ్చినవాళ్ళు ముగ్గురు. టన్నెల్ విభాగం పెద్ద ఐవో థ్రెల్‌ఫాల్. అతని డిప్యూటీ డాక్టర్ హెస్టర్ క్విల్, బల్ల మీది పూలమొక్క తీసుకెళ్ళడానికి. రేస్ టీం చీఫ్ మెకానిక్ లెస్ స్ప్రాగ్, చేపల గాలం మర్చిపోయానని. గేటు దాటాక ఎవరు ఏ బిల్డింగుకి పోయారో బంట్‌కి తెలీదు. ఆ టైములో టీవీలో క్రికెట్ వస్తోంది.

రిసెప్షన్‌లో గాజు పెట్టెలో పాత నమూనా ఒకటి నిలబడి ఉంది. నాలుగు చక్రాల మీద, బుద్ధిగా. టన్నెల్ బిల్డింగుకి వేరే తలుపు, వేరే కార్డు. రహస్యాలన్నీ అక్కడే కాబట్టి రేస్ టీం వాళ్ళని కూడా ఆ తలుపు దాటనివ్వరని బంట్ చెప్పాడు. లోపలున్నవాళ్ళు తీస్తే తప్ప తెరుచుకోదు.

ఆమె సేఫ్టీ ఆఫీసరు రిపోర్టు చదువుతూ నడిచింది. రెండు పేజీలు. మోడల్ ముందు ఎడమ టైరులో గాలి పోయింది. దాంతో ముక్కు కిందికి వాలి మృతుడి తలకి తగిలింది. లాక్ పిన్ను అమర్చలేదని టెక్నీషియన్ అంగీకరించాడు. కాబట్టి బాధ్యత టెక్నీషియన్‌ది.

ఆగింది. మళ్ళీ చదివింది.

ఒక చావు. రెండు కారణాలు. టైరులో గాలి పోయి ముక్కు వాలితే పిన్నుకేం పని? పిన్ను లేక మోడల్ దిగితే టైరుకేం నొప్పి? రెండింటినీ కలిపి ఒకే మనిషి మెడకి కట్టారు. ముడి మాత్రం గట్టిగా వేశారు.

సేఫ్టీ ఆఫీసరుని ఫోన్‌లో పట్టుకుంది. ఆయన ఆఫీసు బిల్డింగు మనిషి. మోడల్‌ని తలుపు దగ్గర నుంచే చూశానన్నాడు. పై గదికి సీలుంది కాబట్టి ఎక్కలేదన్నాడు. టైరు ఫ్లాటైతే కారు దిగుతుందని చెప్పడానికి ఇంజినీరింగు చదవాలా మేడం అని అడిగాడు.

*

టన్నెల్ అంటే ఆమె ఏదో గుహ ఊహించుకుంది. తీరా చూస్తే తెల్లటి గది, ఆసుపత్రి లాగా. నేల మధ్యలో వెడల్పాటి ఉక్కు బెల్టు. దాని మీద కారు. అచ్చం టీవీలో కనిపించే కారే, కాకపోతే వానలో తడిసి కుంచించుకుపోయినట్టుంది. డ్రైవరు సీట్లో హెల్మెట్టు, భుజాలు. కింద చూస్తే నడుం లేదు, కాళ్ళు లేవు.

డాక్టర్ హెస్టర్ క్విల్ బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి. మాటలు పొదుపు. ఐవో పోయాక అతని కుర్చీ తనకే వస్తుందని అందరికీ తెలుసు. అది తనకీ తెలుసనీ, అడిగే శ్రమ మీకెందుకనీ ఆమే ముందు చెప్పేసింది. శనివారం పావుగంట ఆఫీసులో ఉండి మొక్క పట్టుకుని వెళ్ళిపోయిందట. సాక్షి ఎవరంటే, మొక్కే.

"వీడికి కాళ్ళేవి?" అంది రడ్కిన్ డ్రైవరుని చూపించి.

"గాలికి కనపడనివి మేం చెయ్యం."

ఆ ఒక్కమాటతో మొదలై, అడిగిన కొద్దీ వచ్చింది. అసలు కారులో పది వంతులకి ఆరు వంతులు ఈ నమూనా. అంతకంటే పెద్దది చేయకూడదని రూలు. ఇంజను లేదు. పెట్రోలు లేదు. వేడెక్కదు, వణకదు, మురికి పట్టదు, ఎండా వానా ఎరగదు. లోపల లోహపు వెన్నెముక, పైన కంప్యూటరు అచ్చేసిన రెసిన్ తోలు. అసలు కారు గాలిలోకి పోతుంది. ఇక్కడ కారు కదలదు, గాలే దాని మీదికి వస్తుంది. కారు కదులుతోందని గాలిని నమ్మించడానికి కింద బెల్టు పరిగెడుతుంది.

"అంటే గాలికి టోపీ వేస్తున్నారన్నమాట."

"జీతం దానికే."

"గాలి మాటలు కాకుండా ఒకటి చెప్పండి. రెండింటికీ అసలు తేడా ఏంటి?"

హెస్టర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అసలు కారుకి తప్పు చేసే మనుషులు చాలామంది తోడుంటారనీ, దీనికి అంతమంది లేరనీ చెప్పింది. నవ్వలేదు. రడ్కిన్ నవ్వబోయింది కానీ దవడ కలిసిరాలేదు.

తర్వాత ఆమె బెల్టు మీద మోకాళ్ళేసింది. ముందు ఎడమ టైరు చచ్చుబడి ఉంది, నిజమే. అడుగు అప్పడంలా పరుచుకుంది. ఆ చక్రం చుట్టూ ఒక ఉక్కు చెయ్యి, పక్క గోడలోంచి వచ్చి పట్టుకుంది.

"ఈ టైరు ఇలా ఉందని మీకు తెలుసా?"

హెస్టర్ వంగి చూసింది. భుజాలెగరేసింది. సెలవుల్లో తనని ఎవరూ పిలవలేదనీ, రిపోర్టు చూపించలేదనీ అంది. "ఐనా దానిదేముంది, మళ్ళీ కొట్టొచ్చు."

భుజాలెగరేసిన ఆ తీరు రడ్కిన్‌కి పట్టింది. ఒకరికి మనిషిని చంపిన టైరు. ఇంకొకరికి దానిదేముంది.

జేబులోంచి పెన్ను తీసి మోడల్ ముక్కు మీద అడ్డంగా పెట్టింది. పెన్ను గుండ్రంది. దొర్లాలి. ఒక పక్క టైరు చచ్చాక ఏ బండైనా ఆ పక్కకి వాలాలి. తన కారు నిరుడు వాలింది, దగ్గర్లో గరాజు లేని చోట.

పెన్ను దొర్లలేదు. పెట్టిన చోటే పడుకుంది.

"డాక్టర్ క్విల్, ఈ బండి ఎందుకు వంగలేదు?"

హెస్టర్ ఆమె వైపు జాలిగా చూసింది. "ఎందుకు వంగాలి? అది చక్రాల మీద నిలబడితే కదా. మోడల్‌కీ చక్రాలకీ సంబంధమే లేదు." పైకి చూపించింది. డ్రైవరు హెల్మెట్టు వెనక నుంచి సన్నటి స్తంభం ఒకటి కప్పులోకి పోయింది. "దాన్నుంచి వేలాడుతుంది. చక్రాల్ని పక్కనుంచి ఆ చేతులు పట్టుకుంటాయి. విడివిడిగా. నాలుగు చక్రాలూ పీకి ఇంటికి పట్టుకెళ్ళండి, మోడల్ ఇలాగే ఉంటుంది."

"మరి రిసెప్షన్‌లో ఉన్నది?"

"అది రిటైరైంది. దానికి చక్రాలు బోల్టులేసి బిగించారు, వచ్చినవాళ్ళు ఫోటోలు దిగడానికి."

రడ్కిన్ లేవలేదు. టైరు ముందే కూచుంది. టైరు వల్ల బండి దిగలేదు. దిగదు. ఇక మిగిలింది పిన్ను. ఇప్పుడు మోడల్ బెల్టుకి ఎంత ఎత్తులో ఉందని అడిగింది. హెస్టర్ జేబులోంచి కొలబద్ద తీసి పెట్టింది. జానెడున్నర. పని ఎత్తు. రోజూ విల్ఫ్ వదిలివెళ్ళే ఎత్తు.

మరి పడిందెక్కడ?

ఇంకొకటి కూడా కనిపించింది. టైరు గాలినాళం మీద చిన్న నల్లటి మూత. బిగించి ఉంది. మిగతా మూడు చక్రాలూ చూసింది. వాటికి లేవు. ఇది మీదేనా అని అడిగితే హెస్టర్ మొదటిసారి నుదురు ముడిచింది. టన్నెల్లో మూతలు వాడరని చెప్పింది. ఆ గాలికి ఊడితే తుపాకీగుండే. గది కట్టినప్పటి నుంచీ ఒక్క మూత లోపలికి రాలేదు.

రడ్కిన్ చేతి తొడుగు వేసుకుని మూత విప్పి సంచిలో పెట్టింది. తర్వాత పంపు తెప్పించి టైరులో గాలి కొట్టించింది. వాచ్‌మన్ ఇచ్చిన రెండు టీలు తాగేదాకా చూసింది. మొదటి టీ సగం గడ్డం మీదుగా పోయింది. గాలి మాత్రం ఎక్కడికీ పోలేదు. చిల్లు లేదు. అంటే దానంతటది పోలేదు. ఎవరో తీశారు. తీసి, మూత పెట్టారు.

చక్రాన్ని పట్టుకున్న ఉక్కు చెయ్యి అడుగున టార్చి వేసింది. తుడిచిన గుర్తు. తుడవని చోట గోరంత ముదురు మరక. ఫోరెన్సిక్ వాళ్ళకి ఫోన్ చేసింది. సూపరింటెండెంటుకి చేయలేదు.

*

ఎవరికైనా ఐవో అడ్డా అని అడిగితే హెస్టర్ ముందు కొలబద్ద జేబులో పెట్టుకుంది. తర్వాత చెప్పింది.

కిందటి రేసులో వాళ్ళ కారు గోడకి కొట్టింది. డ్రైవరు ఆసుపత్రిలో ఉన్నాడు, నడుం కింద స్పర్శ లేదు. కారు అడుగుపలక వెనక ఊడింది. డిజైన్ తప్పు అని రేస్ టీం అంది. టన్నెల్లో గాలి మేడలు కట్టి మా నెత్తిన పడేస్తారని లెస్ స్ప్రాగ్ అందరి ముందూ అన్నాడు. ఐవో తిరిగి అనలేదు. గురువారం మోడల్‌కి ఆ పలకని పట్టుకునే చిన్న కడ్డీ తీసేసి గాలి పెట్టాడు. టన్నెల్ అంకెలు ప్రమాదం రోజు కారులో నమోదైన అంకెలతో అచ్చుగుద్దినట్టు కలిశాయి. అంటే ఆ రోజు అసలు కారుకి కడ్డీ బిగించడం మర్చిపోయారు. బిగించి చూసుకోవాల్సింది చీఫ్ మెకానిక్.

"ఎవరికి చెప్పాడు?"

"నాకు. బోర్డుకి సెలవులయ్యాక చెప్తానన్నాడు. ముందు ఆ మనిషికి చెప్పాలట. తనంతట తనే ఒప్పుకునే అవకాశం ఇవ్వాలట." హెస్టర్ గొంతు మారలేదు. "ఐవో అలాంటివాడు. చాలా ఇబ్బందికరమైన మనిషి."

లెస్ స్ప్రాగ్ పేరుకి లెస్సే గానీ దేంట్లోనూ తక్కువ కాడు. అరవై ఏళ్ళు, ఆరడుగులు, ముప్పై ఏళ్ళ రేసులు. రేస్ బిల్డింగు గరాజులో దొరికాడు. సెలవుల్లో ఏం పనని అడిగితే, ఇల్లు తోచడం లేదన్నాడు. కళ్ళు చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. శనివారం గాలం తీసుకుని వెళ్ళిపోయాననీ, ఐవోని చూడలేదనీ చెప్పాడు. ప్రశ్నలకి టకటకా జవాబులు.

టన్నెల్ సంగతి ఎత్తితే పెదవి విరిచాడు. "ఆ బొమ్మలకొలువులోకి మమ్మల్ని రానివ్వరు తల్లీ. మేం అసలు కార్లవాళ్ళం. గ్రీజు పూసుకుంటాం."

"ఎప్పుడూ వెళ్ళలేదా?"

"గడప తొక్కలేదు. రిసెప్షన్లో ఒకటుందిగా, అది చాలు."

"విల్ఫ్ గార్‌సైడ్ ఒప్పుకున్నాడు, తెలుసా?"

లెస్ చేతిలో గుడ్డ ఉంది. దాన్ని మడిచాడు. మళ్ళీ మడిచాడు. "విన్నా," అన్నాడు.

*

పై గదికి సీలు వేసిన క్రీడాసంఘం ఇన్స్పెక్టరు పక్క ఊళ్ళోనే ఉంటాడు. తోటలో గడ్డి కోస్తూ కోస్తూ నిక్కరుతోనే వచ్చాడు. శుక్రవారం వేసిన సీలు చెక్కుచెదరలేదని చూసి, తనే విప్పాడు. రడ్కిన్ నిచ్చెన ఎక్కి వెళ్ళింది. రెండు నిమిషాలుంది. దిగి ఎవరికీ ఏమీ చెప్పలేదు. కిందికి వచ్చేసరికి ఆమె మొహంలో ఏ మార్పూ లేదు కాబట్టి, పైన ఏమీ లేదనుకున్నారు.

నాలుగింటికి అందరినీ టన్నెల్లోకి పిలిచింది. బంట్, హెస్టర్, సేఫ్టీ ఆఫీసరు, లెస్ స్ప్రాగ్. తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు. విల్ఫ్‌ని స్టేషన్ నుంచి తెప్పించి క్యాంటీన్‌లో కూచోబెట్టింది. టైరులో గాలి మళ్ళీ తీయించింది.

చిన్న పరీక్ష అంది. ఒక్కొక్కరూ టైరులో గాలి కొట్టి, అయిందనిపించగానే లేచి రావాలి. సేఫ్టీ ఆఫీసరు ఇదేం ఆట అన్నాడు. పోలీసాట అని చెప్పింది.

ముందు బంట్. ఆయాసపడుతూ కొట్టాడు, పంపు పీకాడు, మోకాళ్ళు పట్టుకుని లేచాడు. గాలి తీశారు. తర్వాత హెస్టర్. ప్రెషర్ చూసుకుని కొట్టింది, పంపు చుట్టి పక్కన పెట్టింది, లేచింది. గాలి తీశారు. సేఫ్టీ ఆఫీసరు కోటు విప్పి కొట్టాడు. సగమే ఎక్కింది. చాలన్నాడు.

లెస్ స్ప్రాగ్ వంగాడు. ఈ పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్న చేతులు. మనసుతో పనిలేదు వాటికి. నాలుగు పోట్లకి టైరు నిండింది. పంపు లాగాడు. బొటనవేలితో నాళం తుడిచాడు. కుడిచెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది, నల్లటి మూత ఒకటి తీసింది, రెండు వేళ్ళతో తిప్పి బిగించింది.

హెస్టర్ వంగి ఆ మూత వైపు చూసింది.

రడ్కిన్ సంచి పైకెత్తింది. లోపల అలాంటిదే ఇంకొకటి.

"ఈ గదిలో మూతలు ఉండవు స్ప్రాగ్ గారూ. ఇది ఇవాళ ఈ టైరు మీద దొరికింది. గాలి తీసిన దొంగ టోపీ పెట్టి మరీ వెళ్ళాడు. ఎవడై ఉంటాడా అని పొద్దున్నుంచీ చూస్తున్నా."

లెస్ తన చేతిని చూసుకున్నాడు. చొక్కా జేబుని చూసుకున్నాడు.

రడ్కిన్ నిదానంగా చెప్పుకుపోయింది. గొంతులో గెలుపేమీ లేదు, సరుకుల పట్టీ చదివినట్టుంది. టైరు ఫ్లాటైంది కానీ మోడల్ ఒక్క వెంట్రుక కూడా వాలలేదు. ఇది చక్రాల మీద నిలబడదు, వేలాడుతుంది. టన్నెల్ మనుషులకి అది ఊపిరి పీల్చినంత మామూలు. అందుకే టైరు ఫ్లాటైందంటే దానిదేముంది అంటారు. బయటివాళ్ళకి కారంటే టైర్ల మీద నిలబడేది. అందుకే టైరు ఫ్లాటైందంటే ప్రాణం పోయిందని నమ్ముతారు. వీళ్ళు పట్టించుకోలేదు, వాళ్ళు నమ్మేశారు. ఇద్దరి మధ్యా టైరు మూడు రోజులు అందరి కళ్ళ ముందే పడి ఉంది. గాలి తీసినవాడు టన్నెల్ మనిషి కాడు. అసలు కార్ల మనిషి. మూత పెట్టకుండా టైరుని వదల్లేనివాడు.

"గాలం తీసుకెళ్ళారుగా. చేపలేమైనా పడ్డాయా?" అంది.

లెస్ బెల్టు అంచు మీద కూచున్నాడు. అరవలేదు, కాదనలేదు.

ఐవోయే ఫోన్ చేసి రమ్మన్నాడట. తలుపు తనే తీశాడట. మోడల్ కింద పడుకుని టార్చి వేసి ఆ కడ్డీ ఉండాల్సిన చోటు చూపించాడట. లేచి దుమ్ము దులుపుకుని ఒక మాట అన్నాడట.

"నేను చెప్పను లెస్, నువ్వే చెప్పుకో అన్నాడు. తిట్టినా పడేవాణ్ణి. జాలిపడ్డాడు." బెల్టు అంచుని అరచేత్తో రుద్దాడు. "ఒక్కసారే తోశా. తల ఆ ఉక్కు చేతికి తగిలింది. పిలిచా. పలకలేదు."

"అంబులెన్సుని?"

"ఐవోని."

తర్వాత చేతులు ఏం చేశాయో అవే చేశాయన్నాడు. కారు కింద మనిషి పోతే జనం టైరు చూస్తారు. ముప్పై ఏళ్ళుగా అదే చూశాడు. తలని ముక్కు కిందికి జరిపాడు, గాలి తీశాడు. మూత పెట్టిన సంగతి ఇప్పటిదాకా తనకే తెలీదు.

"విల్ఫ్ జైలుకెళ్తాడని తెలిశాక కూడా ఊరుకున్నారు."

"టైరు మీదికి పోతుందనుకున్నా. మనిషి మీదికి పోతుందనుకోలేదు." అప్పుడు మొదటిసారి తల పైకెత్తి ఆ సన్నటి స్తంభాన్ని చూశాడు. కప్పుదాకా చూశాడు. "ఇన్నేళ్ళూ ఇది నిలబడే ఉందనుకున్నా," అన్నాడు.

కానిస్టేబుళ్ళు తీసుకెళ్ళారు. బంట్ గేటు దగ్గర అతనితో వెళ్తున్న టైము రాయించుకోవడం మర్చిపోలేదు.

*

క్యాంటీన్‌లో విల్ఫ్ ఎదురుగా మరో టీ చల్లారుతోంది. రడ్కిన్ కుర్చీ లాక్కుని కూచుంది. ఎవరు, ఎందుకు, ఎలా అన్నదంతా చెప్పింది. అతను విన్నాడు. లెస్ పేరు వచ్చినప్పుడు కూడా కదల్లేదు.

"మరి పిన్ను?" అన్నాడు.

"ఉంది."

"ఎక్కడ?"

"దాని చోట్లో. లోపలిదాకా. శుక్రవారం మూడింటికి ఆ గదికి సీలు పడింది. అంతకుముందు పెట్టిందే అయ్యుండాలి. మీరు తప్ప ఎవరూ ఎక్కలేదు."

విల్ఫ్ కుడిచేతిని బల్ల మీద పెట్టి చూసుకున్నాడు, ఎవరిదో వస్తువులా. "నాకు గుర్తు లేదు."

"మీకు గుర్తుండక్కర్లేదు. మోడల్ ఒక్క అంగుళం దిగలేదు విల్ఫ్ గారూ. ఐవో మీ బండి కింద పోలేదు."

సంతోషిస్తాడేమో, ఏడుస్తాడేమో అని ఆమె ఆగింది. ఏదీ జరగలేదు. చూడొచ్చా అని మాత్రం అడిగాడు.

పైన ఫోరెన్సిక్ వాళ్ళు ఫోటోలు తీయడం అయిపోయింది. పిన్నుని సంచిలో వేయాలి, తీయడం ఎలాగో వాళ్ళకి తెలీడం లేదు. రడ్కిన్ విల్ఫ్‌కి చేతి తొడుగులిచ్చి పైకి పంపింది. తను కింద, బెల్టు పక్కన నిలబడింది. కప్పు పలకల సందులోంచి అతని మోచెయ్యి కనిపిస్తోంది.

చెయ్యి పిన్ను దాకా వెళ్ళి ఆగింది.

"కిందెవరైనా ఉన్నారా?" విల్ఫ్ గొంతు స్తంభం పక్కనుంచి దిగింది. అడగాల్సిన మాట అది. పిన్ను లాగే ముందు రోజూ పొద్దున అడగాలి, కిందున్నవాడు జవాబు చెప్పాలి, అప్పుడే లాగాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ జవాబు చెప్పింది ఒక్కడే.

చెయ్యి అలాగే ఉంది. తెల్లటి గదిలో ఏ చప్పుడూ లేదు. ఫోరెన్సిక్ కుర్రాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అతను మళ్ళీ అడగలేదు. జవాబు కోసం ఆగాడు.

రడ్కిన్ వంగి మోడల్ కింద చూసింది. చూడాల్సిన పనిలేదు, ఐనా బాగా చూసింది. లేచి తల పైకెత్తింది.

"ఎవరూ లేరు విల్ఫ్," అంది.

పైన పిన్ను టక్కుమంది.